గాలి గుడారం తెల్లవారేసరికి ఎందుకు వాలుతుంది?

కర్రలకు బదులు గాలి నింపిన గొట్టాలపై నిలిచే గుడారం ఇది. మధ్యాహ్నం 7 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) వరకు నింపితే, ఇంగ్లండులోని కొండప్రాంతం లేక్ డిస్ట్రిక్ట్‌లో తెల్లవారేసరికి మెత్తబడిందనీ, మడిస్తే సంచిలో పట్టడం లేదనీ ఒక పాఠకుడు రాశారు. లీకు అని అప్పుడే తేల్చకండి. 25 డిగ్రీల ఎండలో నింపిన గాలి రాత్రి 8 డిగ్రీలకు చల్లబడితే, రవ్వంత కూడా బయటికి పోకపోయినా, మీటరు 5.8 దగ్గరికి దిగుతుంది. అది భౌతికశాస్త్రం చేసే పని, దుకాణదారుని తిట్టి లాభం లేదు. పడుకునే ముందు కొంచెం గాలి కొట్టండి. పొద్దున ఎండ ముదరకముందే ఆ ఎక్కువ గాలిని వదిలేయండి, ఇది మాత్రం మరవకండి. గొట్టాలన్నీ కాక ఒక్కటే వాలుతుంటే అప్పుడు అనుమానించాలి. ముందు వాల్వు బిగించి, దాని చుట్టూ సబ్బునీళ్లు రాసి చూడండి. బుడగలు రాకపోతే ఆ గొట్టం తొడుగు జిప్పు తెరిచి లోపలి ట్యూబును పరీక్షించాలి.

సంచి సమస్యకు కారణం తొందరే. వాల్వులన్నీ, తలుపుల జిప్పులూ తెరిచి గుడారాన్ని దానంతట అదే కూలనివ్వండి. వాల్వులకు ఎదురు కొస నుంచి వాటివైపు చుట్టండి. మిగిలిన గాలిని పంపును తిరగేసి లాగి, వెంటనే మూతలు బిగించండి. లేకపోతే లాగిన గాలి మళ్లీ లోపలికి చేరుతుంది.

కారు టైరు పంపు వాడుతున్నారా? గుడారానికి అది చాలా నెమ్మది.