సాయంత్రమైతే మందగించే బ్రాడ్‌బ్యాండు: మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. మీ ఊళ్లో ఫైబర్ కనెక్షన్ పగలంతా బాగానే ఉంటోందనీ, రాత్రి ఏడు దాటాక పిల్లల ఆన్‌లైన్ పాఠాలూ అమ్మాయి ఆఫీసు కాల్సూ నడుమనడుమ తెగిపోతున్నాయనీ, అందుకని 50 ఎంబీపీఎస్ ప్లాన్ తీసేసి 100 పెట్టించుకోవాలనుకుంటున్నాననీ రాశావు. టెలికాం శాఖలో ఉద్యోగం చేసి రిటైరైనవాడిగా నా అభిప్రాయం ముందే చెబుతున్నాను: ఆ డబ్బు ఇప్పుడే కట్టవద్దు. అడ్డంకి మీ ఇంట్లో ఉందా, వీధి తీగలో ఉందా, లేక ఆపరేటర్ బయటి నుంచి తెచ్చుకునే లైనులో ఉందా అన్నది తేల్చుకోకుండా ప్లాన్ పెంచితే పెరిగేది బిల్లు మాత్రమే.

ముందు ఇంటి సంగతి చూసుకో. ఇది ఒక పూట పని. లాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు కలిపి వేగం కొలువు. తీగ మీద సరిగా వచ్చి వైఫైలో రాకపోతే తప్పు ఆపరేటర్‌ది కాదు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై గోడలు దాటి దూరం పోతుంది కాని నెమ్మది, 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువే కాని రెండు మందపాటి గోడలు దాటేసరికి నీరసిస్తుంది. మన పక్క పాత ఇళ్ల గోడల మందం నీకు తెలియనిది కాదు. కాబట్టి రౌటర్‌ను వీధి అరుగు పక్కన మేకుకు తగిలించకుండా, ఇంటి నడిమి గదిలో, కొంచెం ఎత్తున పెట్టించు.

తర్వాత వీధి తీగ. ఫైబర్ పెట్టె మీద ఎల్ఓఎస్ అని ఉన్న చోట ఎర్ర దీపం వెలిగితే కాంతి అందడం లేదని అర్థం. దీపం వెలగకపోయినా కాంతి బలహీనంగా అందవచ్చు. లైన్‌మన్ దగ్గరుండే పవర్ మీటర్‌లో కాంతి బలం మైనస్ 27 డీబీఎం (కాంతి బలాన్ని కొలిచే ప్రమాణం) దరిదాపుల్లో కనిపిస్తే ఆ లైను అంచున నడుస్తోందని గ్రహించు. తీగ ఎక్కడో బాగా మడతపడి ఉంటుంది, లేదా అతుకు చెడి ఉంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మీ ఒడిశా గజపతి జిల్లాను ఎలా దెబ్బతీసిందో నువ్వు చూశావు. స్తంభాల మీదుగా లాగిన తీగలకు గాలివానల తర్వాత హడావుడిగా వేసే అతుకులే చాలా ఊళ్లలో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. అయితే ఒక గుర్తు మరచిపోవద్దు. తీగ లోపానికి పగలూ రాత్రీ అన్న తేడా లేదు. ఉదయం ఐదింటికి నిండుగా వచ్చి, రాత్రి తొమ్మిదింటికి పదో వంతుకు పడిపోయి, పదకొండు దాటాక మళ్లీ లేచే కనెక్షన్‌లో లోపం తీగది కాదు. అది రద్దీ.

నువ్వు రాసినదాన్ని బట్టి మీది ఈ మూడోదే అనుకుంటున్నాను. ఊళ్లలో సాధారణంగా ఉండే జీపాన్ పద్ధతిలో ఒక ఫైబర్ మీద ఇళ్ల వైపు సుమారు 2.5 జీబీపీఎస్ వస్తుంది (ఒక జీబీపీఎస్ అంటే వెయ్యి ఎంబీపీఎస్). దాన్ని స్ప్లిటర్‌తో, అంటే కాంతిని పాయలుగా చీల్చే పరికరంతో, 32 ఇళ్లకో, 64 ఇళ్లకో పంచుతారు. 64 ఇళ్లూ ఒకేసారి వాడినా ఇంటికి 39 ఎంబీపీఎస్ దాకా దక్కాలి. అంటే వీధిలోని ఫైబర్ ఇరుకైనది కాదు. ఇరుకంతా ఆపరేటర్ తన గది నుంచి పట్నం వైపు తీసుకున్న లైనులో ఉంటుంది. ఉదాహరణకు ఒకాయన 1 జీబీపీఎస్ లైను తీసుకుని 300 ఇళ్లకు 50 ఎంబీపీఎస్ చొప్పున అమ్మాడనుకో. పగలు పదిమంది వాడుతుంటే ఎవరికీ లోటు తెలియదు. రాత్రి వంద ఇళ్లలో టీవీలు యూట్యూబ్ మీద నడిస్తే ఒక్కొక్కరికి 10 వస్తుంది, మొత్తం 300 ఇళ్లూ కూర్చుంటే 3 చిల్లర మిగులుతుంది. తూము దగ్గర నీళ్లు చాలనప్పుడు శివారు రైతు తన బోదెను వెడల్పు చేసుకుంటే ఏం లాభం? నీ 100 ఎంబీపీఎస్ ప్లాన్ కూడా అలాంటిదే.

ఇలా ఎక్కువమందికి పంచి అమ్మడం దానంతట అది మోసం కాదు. అలా పంచుకోకపోతే ఇంత ధరకు ఎవరూ ఇవ్వలేరు. ప్రశ్నల్లా ఎంతమందికి పంచారన్నదే. 2009లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇచ్చిన మార్గదర్శకాలలో, ఒకరికి సరిపడే వేగాన్ని ఎంతమందికి పంచవచ్చన్న ఈ నిష్పత్తిని గృహ కనెక్షన్లకు 1:50, వ్యాపార కనెక్షన్లకు 1:30 అని పెట్టారు. 2006 నాటి నాణ్యతా నిబంధనలలో రద్దీ వేళ బయటి లైను వాడకం 80 శాతం దాటకూడదన్నది ఒక కొలత. ఇక బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి ఉండవలసిన కనీస వేగాన్ని 2023 జనవరిలో 2 ఎంబీపీఎస్‌కు పెంచారు. ముగ్గురు మనుషులున్న ఇంట్లో 2 ఎంబీపీఎస్‌తో ఏం చేయగలరో ఆ అంకె రాసినవారే చెప్పాలి.

కాబట్టి ఒక నోటు పుస్తకం పెట్టు. రెండు వారాల పాటు ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి తొమ్మిదింటికి, ప్రతిసారీ లాన్ కేబుల్ మీదే, ఇంట్లో మిగతా పరికరాలు ఆపించి కొలిచి, డౌన్‌లోడ్, అప్‌లోడ్, పింగ్ (సంకేతం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం) మూడూ తేదీతో రాసుకో. ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. వేగం కొలిచే యాప్ తనంతట తాను దగ్గరి సర్వర్‌ను ఎంచుకుంటుంది. ఆ సర్వర్ ఆపరేటర్ సొంత గదిలోనిదో, అతని పైకంపెనీదో అయితే, రద్దీ ఉన్న లైను దాటకుండానే కొలత పూర్తయి అంకె ఘనంగా కనిపిస్తుంది. అందుకని సర్వర్‌ను నువ్వే మార్చి, భువనేశ్వర్‌లోదో హైదరాబాద్‌లోదో, వేరే కంపెనీది ఎంచుకో. ఎంబీపీఎస్ అంటే మెగాబిట్లు, ఫైళ్లను కొలిచేది మెగాబైట్లలో, ఒక మెగాబైటు అంటే ఎనిమిది మెగాబిట్లు. 40 ఎంబీపీఎస్ మీద సెకనుకు 5 ఎంబీ దిగుతుంటే దబాయించడానికి వెళ్లవద్దు, అది సరైనదే.

ఆ పుస్తకం చేతిలో ఉన్నప్పుడే ఆపరేటర్ దగ్గరికి వెళ్లు, ఒంటరిగా కాక మీ వీధిలో అదే బాధ పడుతున్న పదిమందినీ వెంటబెట్టుకుని వెళ్లు. కోపంగా మాట్లాడవద్దు. మారుమూల ఊరికి తీగ తెచ్చినవాడు, గాలివానలో స్తంభమెక్కేవాడు కూడా ఆయనే. మూడు ప్రశ్నలు అడుగు: బయటి లైను ఎంత, దాని మీద ఇళ్లెన్ని, రాత్రి తొమ్మిదింటికి అది ఎంత శాతం నిండుతోంది. మూడోదానికి ఆయన దగ్గర గ్రాఫ్ ఉంటుంది, చూపించమను. అదనపు లైనుకు ఖర్చవుతుందంటే, నెలకు కొంత ఎక్కువ ఇవ్వడానికి పదిమందీ ఒప్పుకుని, రాత్రి వేళ కనీసం ఇంత వేగమని కాగితం మీద రాయించుకోవడం నా దృష్టిలో వందసార్లు పోట్లాడటం కంటే మేలు. పెద్ద కంపెనీ అయితే పద్ధతి వేరు. ఫిర్యాదు నమోదు చేయించి డాకెట్ నంబరు, అంటే ఆ ఫిర్యాదు సంఖ్య, తీసుకో. పరిష్కరించకపోతే 30 రోజుల లోపల అదే కంపెనీ అప్పీలు అధికారికి రాయి. వారు 39 రోజులలో తేల్చాలి. ట్రాయ్ విడివిడి ఫిర్యాదులు విచారించదు కనుక అక్కడికి రాసి కాలం పోగొట్టుకోవద్దు. ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. టెలికాం వివాదాలను అవి విచారించవచ్చునని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఒడిశా, ఆంధ్ర సరిహద్దున ఉన్నందువల్ల మనకు రెండు చిక్కులు. మీ కనెక్షన్ ఒడిశా సర్కిల్ (టెలికాం శాఖ విభజించిన ప్రాంతం) లెక్కలోది కాబట్టి ఫిర్యాదు చేరేది భువనేశ్వర్ వైపు. తెలుగులో కాక ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాసి ఇవ్వు, పిల్లల్లో ఒడియా మీడియం చదివినవాడి చేత రాయించినా సరే. రెండోది, మహేంద్రతనయ నది అవతల ఆంధ్రలోని పాతపట్నంలో ఎవరో చౌకగా ఇస్తున్నారని తీగ ఇటు లాగించుకునే ఆలోచన ఉంటే మానుకో. ఇంటర్నెట్ లైసెన్సులలో ఎ తరగతిది దేశమంతటికీ చెల్లుతుంది, బి తరగతిది ఒక సర్కిల్‌కే. ఆంధ్ర సర్కిల్ బి లైసెన్సు ఉన్నవాడు ఒడిశాలో ఇవ్వకూడదు, ఆ తీగను ఎవరైనా కోస్తే అడిగే దిక్కుండదు.

ఇవన్నీ జరిగేలోపు ఇల్లు గడవాలి. ఫోన్ల, కంప్యూటర్ల అప్‌డేట్లను, ఫోటోల బ్యాకప్‌ను అర్ధరాత్రి దాటాక జరిగేలా పెట్టు. టీవీలో వీడియో నాణ్యతను 480పి వద్ద నిలిపితే చూడటానికి చాలు. అమ్మాయి కాల్ నడిచేటప్పుడు అప్‌లోడ్ ఏదీ జరగనివ్వవద్దు, ఎందుకంటే మాట తెగిపోవడానికి చాలాసార్లు డౌన్‌లోడ్ కంటే నిండిపోయిన అప్‌లోడే కారణం. రౌటర్‌లో క్యూఓఎస్ (ఇంట్లోని పరికరాల మధ్య వేగాన్ని సర్దే అమరిక) ఉంటే, పుస్తకంలోని అంకెలలో 85 శాతం దగ్గర హద్దు పెట్టు. ఇంట్లోవాళ్లు ఒకరినొకరు నొక్కేసుకోవడం అది ఆపుతుంది కాని ఊరి రద్దీని తగ్గించలేదు. ముఖ్యమైన కాల్‌కు వేరే కంపెనీ సిమ్ ఒకటి సిద్ధంగా ఉంచు, అయితే రాత్రి తొమ్మిదింటికి ఆ టవర్ కూడా ఎలా ఉందో ముందే కొలిచి కొను.

చివరిగా, ఆరు నెలలకో ఏడాదికో ఒకేసారి కడితే తగ్గిస్తామంటారు. రాత్రి అంకెలు పుస్తకంలో బాగుపడేదాకా నెలనెలా మాత్రమే కట్టు. అమ్మనడిగానని చెప్పు.

మీ మావయ్య