జనాభా సున్నా అయిన ఊరు కమ్యూన్‌గా ఎలా కొనసాగుతోంది?

ఫ్రాన్స్‌లో కమ్యూన్ అంటే మేయరు ఉండే అతిచిన్న స్థానిక పాలనా విభాగం. ఒక్కరు కూడా నివసించని ఊరికి మేయరు ఎందుకన్న ప్రశ్నకు వెర్దున్ సమీపంలోని ఫ్లూరీ గ్రామ చరిత్రే సమాధానం. 1911 జనగణన నాటికి ఇక్కడ సుమారు 420 మంది ఉండేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916 వేసవిలో ఫ్రెంచి, జర్మన్ సేనల మధ్య ఈ ఊరు 16 సార్లు చేతులు మారింది. ఇళ్లే కాదు, వీధుల ఆనవాళ్లూ మిగలలేదు. పేలని గుండ్లతో, వెలికితీయని సైనికుల అవశేషాలతో నిండిన ఆ నేల సేద్యానికి పనికిరాదని తేల్చిన ప్రభుత్వం అక్కడ అడవిని పెంచింది. అయినా కమ్యూన్‌ను రద్దు చేయక, ‘ఫ్రాన్స్ కోసం మరణించిన గ్రామం’గా గౌరవించి, ఓటర్లు లేనందున ప్రిఫెక్టు (జిల్లా స్థాయిలో ప్రభుత్వ ప్రతినిధి) నియమించే ముగ్గురు సభ్యుల సంఘానికి పాలన అప్పగించింది, మేయరు బాధ్యతలు చూసేది ఆ సంఘాధ్యక్షుడే. ఇరుగుపొరుగున ఇటువంటి కమ్యూన్లు మరో ఐదు ఉన్నాయి, వాటి జనాభా కూడా సున్నాయే.