ఆట–మాట: ముక్కూమొహం తెలియని టీమ్‌తో ఆడేదెలా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు బీజీఎంఐ (నలుగురి జట్టుతో ఫోన్‌లో ఆడే తుపాకీ ఆట), వాలరెంట్ (ఐదుగురి జట్టుతో పీసీలో ఆడే తుపాకీ ఆట) ఆడేవాళ్లవే. ఒకేలాంటి ప్రశ్నలను ఒకచోట చేర్చి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: బీజీఎంఐలో ఎక్కువగా రాండమ్ స్క్వాడ్‌తోనే (గేమ్ కలిపే అపరిచితుల జట్టుతోనే) ఆడతాను. శత్రువు కనపడగానే మైక్‌లో చెబుతూనే ఉంటాను. ముగ్గురిలో ఒక్కడూ పట్టించుకోడు. నాక్ అయ్యాక (దెబ్బతిని పడిపోయాక) రివైవ్ చేయడానికీ (తిరిగి లేపడానికీ) రారు. వాళ్లకు వినపడదా, విని ఊరుకుంటారా?
– డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

జవాబు: మీరు చెప్పేది ఇలా ఉంటుందా? "బ్రో బ్రో, అక్కడున్నాడు, అదిగో, చెట్టు దగ్గర!" బీజీఎంఐలోని ఎరాంగెల్ మ్యాప్ ఎనిమిది కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు. అందులో చెట్లకు కొదవా? మీ స్క్రీన్ మీద చెట్టు కనపడుతోంది కాబట్టి "అక్కడ" అంటే మీకు తెలుస్తుంది. వినేవాడు ఆ మాట పట్టుకుని ఏ వైపు తిరగాలి?

ముందు దిక్కు చెప్పండి. తర్వాత దూరం, ఎంతమంది, ఏం చేస్తున్నారు. "సౌత్ ఈస్ట్, నూట యాభై మీటర్లు, ఇద్దరు, రాయి వెనక హీల్ అవుతున్నారు." చెప్పడానికి మూడు నాలుగు సెకన్లు పడుతుంది. సగంలో మీరు నాక్ అయినా, మొదటి మాట దిక్కే కాబట్టి అదైనా టీమ్‌కు మిగులుతుంది. "బ్రో బ్రో"తో మొదలుపెడితే ఆ రెండు సెకన్లూ వృథా.

స్క్రీన్ పైన కంపాస్‌లో 15 డిగ్రీలకొక గీత ఉంటుంది. "105లో ఒకడు" అంటే ఇంకా కచ్చితం. అయితే చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. ఆ డిగ్రీ మీరు నిలబడ్డ చోటుకే వర్తిస్తుంది. శత్రువు మీకు సరిగ్గా ఉత్తరాన 200 మీటర్లలో ఉన్నాడనుకోండి. మీకు తూర్పున 200 మీటర్లలో ఉన్న టీమ్‌మేట్‌కు అదే శత్రువు నార్త్ వెస్ట్‌లో ఉంటాడు. మీరు "నార్త్" అని ఎంత అరిచినా అతనికి ఖాళీ పొలమే కనపడుతుంది. అందుకే మీ పక్కనే ఉన్నవాడికి డిగ్రీ చెప్పండి, దూరంగా ఉన్నవాడికి మ్యాప్ మీద మార్క్ పెట్టి "రెండో నంబర్ మార్క్ చూడు" అనండి. మైక్ ఆఫ్ చేసుకున్నవాడికి కూడా మార్క్ కనపడుతుంది. రాండమ్ స్క్వాడ్‌లో అలాంటివాడు ఒకడైనా ఉంటాడనే అనుకోండి.

రివైవ్ విషయంలో మాత్రం కొంత మీ టీమ్‌మేట్ల పక్షాన మాట్లాడాలి. రివైవ్‌కు పది సెకన్లు పడుతుంది. ఆ పది సెకన్లూ వాడు కదలకుండా కూర్చోవాలి. మిమ్మల్ని కొట్టినవాడు ఇంకా అక్కడే గురిపెట్టి ఉంటే, వచ్చినవాడూ పోతాడు. కాబట్టి "రివైవ్ రివైవ్" అని మొత్తుకోకుండా, ముందు పాక్కుంటూ గోడ చాటుకో రాయి చాటుకో వెళ్లండి. తర్వాత మూడు విషయాలు చెప్పండి: ఎక్కడినుంచి కొట్టారు, ఎంతమంది, మీద మీదకు వస్తున్నారా లేదా. స్మోక్ (పొగ గ్రెనేడ్) ఉన్నవాణ్ని వేయమని అడగండి. స్మోక్ పడగానే కమ్ముకోదు, ఒకటి రెండు సెకన్లు ఆగి రమ్మనండి. పరిస్థితి బాగోలేకపోతే "రావద్దు" అని చెప్పడమూ మీ పనే. అలా చెప్పినవాడి మాటను మిగతా మ్యాచంతా టీమ్ వింటుంది.

ఇంకొకటి. మ్యాచ్ మొదట్లో విమానంలో ఉన్నప్పుడే నలుగురూ దిగడానికి నాలుగు చోట్ల మార్క్ పెడతారు. మీది మీరు తీసేసి, అప్పటికే ఉన్న మార్కుల్లో ఒకదానికి ఓటేయండి. ముగ్గురు ఒకచోట దిగితే నాలుగోవాడు చాలాసార్లు తనంతట తనే వస్తాడు. బులెట్లు అడిగేటప్పుడు కూడా "అయిపోయాయ్ బ్రో" కాదు, "5.56 అరవై కావాలి" అనాలి. పక్కవాడి చేతిలో ఏకేఎం తుపాకీ ఉంటే దానికి పట్టేది 7.62 బులెట్లు కాబట్టి తన దగ్గరున్న 5.56 వెంటనే వదిలేస్తాడు.

ప్రశ్న: వాలరెంట్‌లో ముంబై సర్వర్‌లో పడతాను. టీమ్‌లో ఒకరు హిందీ, ఒకరు తమిళం, ఒకరు ఇంగ్లిష్. నాకు హిందీ అంతంతమాత్రం. నేనూ మా ఫ్రెండూ డిస్కార్డ్ అనే వాయిస్ యాప్‌లో తెలుగులో మాట్లాడుకుని ఆడేస్తాం. మిగతావాళ్లు మా మీద విసుక్కుంటారు. ఏం చేయాలి?
– భీమవరం పాఠకుడు

జవాబు: వాళ్లు విసుక్కునేది మీ తెలుగు మీద కాదు. మీ దగ్గరున్న సమాచారం మిగతా ముగ్గురికీ చేరడం లేదు. బీ సైట్‌లో (స్పైక్ అనే బాంబు పెట్టే చోట్లలో ఒకటి) ముగ్గురు శత్రువులు వచ్చారని మీరు మీ ఫ్రెండ్‌కు చెబుతారు, అతను పరుగెత్తుతాడు, ఏ (A) సైట్‌లో ఉన్న ఇద్దరూ ఏమీ తెలియక అక్కడే కాపలా కాస్తుంటారు. డిస్కార్డ్‌లో కబుర్లు ఎన్నైనా చెప్పుకోండి, ఆట విషయం మాత్రం టీమ్ వాయిస్‌లో చెప్పండి. మార్చకపోతే వాలరెంట్‌లో టీమ్ వాయిస్‌కు వీ కీ, పార్టీ (కలిసి వచ్చిన ఫ్రెండ్స్) వాయిస్‌కు యూ కీ ఉంటాయి. అలవాటుగా యూ నొక్కి "ఎవడూ వినట్లేదు" అని వాపోయేవాళ్లకు లెక్కలేదు.

భాష అసలు అంత అడ్డంకి కాదు. చోట్ల పేర్లన్నీ ఇంగ్లిషే: ఏ మెయిన్, మిడ్, మార్కెట్, హెవెన్. ఏజెంట్ల (ఆటలోని పాత్రల) పేర్లూ అందరికీ ఒకటే. వీటికి తోడు రొటేట్ (వేరే సైట్‌కు మారు), సేవ్ (డబ్బు దాచు), ఫ్లాష్, లాస్ట్, ప్లస్ రుకో, పీఛే, ఊపర్, ఏక్, దో వస్తే మ్యాచ్ గడిచిపోతుంది. "టూ ఏ మెయిన్, వన్ మిడ్" అన్నది వ్యాకరణం లేకపోయినా కాసర్‌గోడ్ నుంచి కోల్‌కతా దాకా అర్థమవుతుంది. అదీ నోటికి రాకపోతే జెడ్ కీతో పింగ్ చేయండి (మ్యాప్ మీద గుర్తు పెట్టండి).

మీరు చనిపోయిన వెంటనే చెప్పాల్సింది ఒకటుంది. కంబాట్ రిపోర్ట్‌లో మీరు ఎవరికి ఎంత డ్యామేజ్ చేశారో కనపడుతుంది. "జెట్ 80, ఏ మెయిన్" అనండి. ఫుల్ షీల్డ్ (కవచం)తో 150 ప్రాణం ఉన్న జెట్ అనే ఏజెంట్‌కు ఇంక మిగిలింది 70. వాండల్ రైఫిల్‌తో బాడీ షాట్ ఒక్కొక్కటి 40 కాబట్టి రెండు తగిలితే చాలు. ఆ సంగతి తెలిసినవాడు ధైర్యంగా ఎదురెళ్తాడు. అంతటితో మైక్ వదిలేయండి. ఒక్కడే మిగిలి స్పైక్ డిఫ్యూజ్ చేస్తున్నప్పుడు అడుగుల చప్పుడే అతనికి ఆధారం. నలుగురు చచ్చినవాళ్లు నాలుగు సలహాలు ఇస్తే అది వినపడదు. చెప్పాల్సి వస్తే "హాఫ్ అయింది" లాంటి మాట ఒకటి చాలు. డిఫ్యూజ్‌కు మొత్తం ఏడు సెకన్లు. సగం దాటి లేచినా ఆ సగం అలాగే ఉంటుంది.

టీమ్‌లో గొడవలు ఎక్కువగా మొదలయ్యేది ఆటలోని డబ్బు దగ్గర. రౌండ్ ఓడితే మొదట 1900 క్రెడిట్లు, వరసగా రెండోసారి ఓడితే 2400, మూడోసారి నుంచి 2900 వస్తాయి. వాండల్, ఫుల్ షీల్డ్ కలిపి 3900. ముగ్గురు సేవ్ చేస్తుంటే ఒకడు స్పెక్టర్ కొనేస్తే, ఆ రౌండ్‌లో వాడొక్కడి తుపాకీతో పనవదు, తర్వాతి రౌండ్‌లో వాడి దగ్గర రైఫిల్‌కు డబ్బుండదు. బై మెనూలో అందరి క్రెడిట్లూ కనపడతాయి. కొనడానికి ముందే "సేవ్" అనో "ఫుల్ బై" అనో ఒక్క మాట అనండి. కొన్నాక తిట్టడం ఎందుకూ పనికిరాదు.

ప్రశ్న: నా మైక్‌లో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినపడట్లేదని టీమ్‌మేట్లు మ్యూట్ చేస్తున్నారు. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ వాడతాను.
– కర్నూలు

జవాబు: ఫోన్‌లో బ్లూటూత్ మైక్ ఆన్ చేయగానే చాలా ఇయర్‌బడ్స్ ఫోన్ కాల్ మోడ్‌లోకి మారిపోతాయి. మీ గొంతే కాదు, మీకు వినపడే సౌండ్ కూడా పడిపోతుంది. కుడి, ఎడమ తేడా పోయి అడుగులు ఎటునుంచి వస్తున్నాయో తెలియదు. దానికి తోడు ఆలస్యం. మైక్ ఉన్న మామూలు వైర్ ఇయర్‌ఫోన్స్ కొనుక్కోండి, ఖరీదైనవి అక్కర్లేదు. పీసీలో అయితే పుష్ టు టాక్ (కీ నొక్కినప్పుడే మైక్ పనిచేసే పద్ధతి) పెట్టుకుంటే ఫ్యాన్ గోల మీరు మాట్లాడేటప్పుడే టీమ్‌కు వినపడుతుంది, మిగతా సమయం నిశ్శబ్దం. బీజీఎంఐలో స్పీకర్ మీద ఆడుతూ మైక్ ఆన్ చేయకండి, మీ ఫోన్‌లోంచి వచ్చే తుపాకీ మోతే తిరిగి అందరికీ చేరుతుంది.

ప్రశ్న: నేను మైక్‌లో ఒక్క మాట మాట్లాడగానే "అమ్మాయివా? ఇన్‌స్టా ఐడీ?" మొదలవుతుంది. కాదంటే బూతులు. మాట్లాడకపోతే ర్యాంక్ పడిపోతోంది.
– హైదరాబాద్ పాఠకురాలు

జవాబు: తప్పు మీది కాదు కాబట్టి మైక్ మూసుకోమని మేం చెప్పం. వాడొక్కణ్నే మ్యూట్ చేయండి. వాలరెంట్‌లో స్కోర్‌బోర్డ్ నుంచి ఒక్కొక్కరి వాయిస్, టెక్స్ట్ విడివిడిగా ఆపొచ్చు. మిగతా ముగ్గురితో మాట్లాడుతూనే ఉండండి. వాడికి చెప్పాల్సింది పింగ్‌తో చెప్పండి. తిరిగి తిట్టకండి. వాడికి కావాల్సింది అదే, పైగా అదే మ్యాచ్‌లో మీ మీదా రిపోర్ట్ పడుతుంది. రిపోర్ట్ మాత్రం తప్పకుండా కొట్టండి. గేమ్ పేరులో అసలు పేరు, పుట్టిన సంవత్సరం, కాలేజీ పేరు ఉంటే ఈరోజే మార్చేయండి. సెట్టింగ్స్‌లో మ్యూట్ చేయాల్సిన పదాల జాబితా కూడా ఉంది, మామూలుగా వచ్చే బూతులు అందులో ఎక్కించండి.

గేమ్ బయటికొచ్చి ఇన్‌స్టాలో వెంటపడటం, బెదిరించడం మొదలైతే అది ఆటకు సంబంధించిన విషయం కాదు. స్క్రీన్‌షాట్లు దాచుకుని నేషనల్ సైబర్ క్రైమ్ రిపోర్టింగ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. తెలంగాణలో షీ టీమ్స్‌కూ చెప్పొచ్చు.

ప్రశ్న: టీమ్‌లో కలిసినవాడు యూసీ (బీజీఎంఐలో వాడే డబ్బు) ఫ్రీగా ఇస్తానని లాగిన్, ఓటీపీ అడుగుతున్నాడు. ఇవ్వొచ్చా?
– కరీంనగర్

జవాబు: వద్దు. ఓటీపీ ఇస్తే మీ అకౌంట్ పోతుంది. డబ్బు ఇప్పటికే పోయుంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి, గంటలు గడిచేకొద్దీ ఆ డబ్బును ఆపడం కష్టమవుతుంది.

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేనేళ్లు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రాత్రి పదింటికి ఇల్లు లేచిపోయేలా అరుస్తాడు. ఫోన్ లాక్కుంటే ఏడుపు.
– ఒక అమ్మ, గుంటూరు

జవాబు: రెండు చెవులూ మూసుకుపోవడంతో తన గొంతు తనకే సరిగ్గా వినపడదు, అందుకే అంత అరుపు. గేమ్ సౌండ్ తగ్గించి ఒక చెవి ఖాళీగా ఉంచుకోమనండి, సగానికి సగం తగ్గుతుంది. మధ్యలో ఫోన్ లాక్కుంటే మిగతా ముగ్గురు ఒకడు తక్కువై ఓడిపోతారు, వాడి ఏడుపు సగం అందుకే. ఆడేది బీజీఎంఐ అయితే, ఎరాంగెల్ మ్యాచ్ చివరిదాకా సాగితే అరగంట దాకా పడుతుంది. స్క్రీన్ మీద ఇంకా ఎంతమంది బతికున్నారో అంకె ఉంటుంది. అది చూసి "ఇది అయ్యాక ఆపెయ్" అనండి, తొమ్మిదిన్నర తర్వాత కొత్త మ్యాచ్ మొదలుపెట్టనివ్వకండి. పద్దెనిమిదేళ్ల లోపువాళ్లకు బీజీఎంఐలో రోజుకు మూడు గంటల పరిమితి ఉంది. మీవాడు వయసు తప్పు చెప్పి ఆడుతున్నాడేమో ఓసారి చూడండి.

ప్రశ్న: మంచి రాండమ్స్ దొరికితే వాళ్లనే టీమ్‌గా ఉంచుకోవడం ఎలా?
– విశాఖపట్నం

జవాబు: గెలిచిన మ్యాచ్‌లో కాదు, ఓడిన మ్యాచ్‌లో చూసుకోండి. 3–10 స్కోరుతో వెనకబడి ఉన్నప్పుడూ "మిడ్‌లో ఒకడు" అని మామూలు గొంతుతో చెబుతున్నవాడికి మ్యాచ్ అయిన వెంటనే రిక్వెస్ట్ పంపండి. లాబీ దాటితే ఆ పేరు మళ్లీ గుర్తుండదు. రెండు మూడు మ్యాచ్‌లు ఆడాక ఎవరు స్మోక్స్ వేస్తారు, ఎవరు ముందు వెళ్తారు అన్నది తేల్చుకోండి. రౌండ్ మధ్యలో కాదు, ఏజెంట్లను ఎంచుకునేటప్పుడే. ఒక్క విషయం: వాలరెంట్ కాంపిటిటివ్‌లో ఇద్దరు, ముగ్గురు, ఐదుగురు కలిసి వెళ్లొచ్చు గానీ నలుగురికి అనుమతి లేదు. నలుగురు వెళ్తే ఐదోవాడు ఒంటరివాడై నలిగిపోతాడు. కాబట్టి ముగ్గురు కుదిరాక ఒక్కణ్ని చేర్చి ఆగిపోకండి, ఒకేసారి ఇద్దర్ని చూసుకోండి.