నౌకాదళం నుంచి లెక్కల బల్ల దాకా: తమ్ముడి కుమారుడికి ఒక లేఖ

డాబా గార్డెన్స్, విశాఖపట్నం

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే జులైతో నీ 15 ఏళ్ల నౌకాదళ సర్వీసు పూర్తవుతుందనీ, ఆ వెంటనే కమ్యుటేషన్ సొమ్ముతో (పింఛనులో కొంత భాగం వదులుకుని, బదులుగా ముందే ఒకేసారి తీసుకునే మొత్తంతో) గాజువాకలో గది తీసుకుని లెక్కలు, పన్నుల పని మొదలుపెట్టాలనుకుంటున్నావనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. 1985లో నేనూ అదే 15 ఏళ్లు ముగించుకుని, ఇదే ఊళ్లో, ఇదే పనిలోకి దిగినవాణ్ని కాబట్టి నీవు అడగకముందే రాస్తున్నాను.

గది ఇప్పుడే తీసుకోవద్దు. పింఛనులో సగం వరకు కమ్యూట్ చేసుకోవచ్చు గానీ, అలా ఇచ్చేసిన భాగం తిరిగి పింఛనులో కలవడానికి 15 ఏళ్లు పడుతుంది. అప్పటికి నీ పిల్లలు పెళ్లీడుకు వస్తారు. ఆ సొమ్మును అద్దెకు, బల్లలకు, బోర్డుకు ఖర్చు పెట్టి పని రాకపోతే ఏమవుతుందో ఒక్కసారి కోడలితో కూర్చుని కాగితం మీద లెక్క వేయి. కమ్యూట్ చేయక తప్పదనుకుంటే సొంత ఇంటి కోసమో, పిల్లల చదువు కోసమో చేయి; దుకాణం తెరవడానికి మాత్రం చేయవద్దు.

బదులుగా ఒక ఏడాది ఎవరి దగ్గరైనా గుమస్తాగా కూర్చో. ఓడలో రైటర్‌గా వందల మంది జీతాలు చూసినవాణ్ని, పూర్ణా మార్కెట్లో ఒక టోకు దుకాణంలో చిట్టా (రోజువారీ పద్దుల పుస్తకం)లోంచి ఆవర్జా (ఖాతాల పుస్తకం)లోకి పద్దులు ఎక్కించే పనికి చేరినప్పుడు నాకు నామోషీగా అనిపించిన మాట నిజమే. అయితే అక్కడి పెద్ద గుమస్తా నేర్పినంత పని నాకు కరస్పాండెన్సులో చదివిన బి.కాం. నేర్పలేదు. అంకణా, అంటే అన్ని ఖాతాల జమ, ఖర్చుల మొత్తాలను సరిపోల్చే పట్టీ, కుదరకపోతే ఆయన ముందు తేడాను 9తో భాగించమనేవారు. నిశ్శేషంగా భాగింపబడితే ఎక్కడో అంకెలు తారుమారై ఉండవచ్చు. 5,420 రాయవలసిన చోట 5,240 రాస్తే తేడా 180 వస్తుంది, దాన్ని 9 భాగిస్తుంది. అలా కాకపోతే తేడాను సగం చేసి, ఆ మొత్తం జమ వైపు పడవలసింది ఖర్చు వైపు పడిందేమో చూడమనేవారు. ఇప్పుడు కంప్యూటరు ఈ తప్పును పట్టుకుంటుందని నీవు అనుకోవచ్చు. కంప్యూటరు రెండు వైపులా సమానం చేస్తుంది గానీ, నీవు బిల్లు చూసి తప్పుగా కొట్టిన అంకెను రెండు వైపులా అదే తప్పుతో రాస్తుంది. బ్యాంకు పాసుపుస్తకంతో సరిపోల్చేటప్పుడు ఆ 9 లెక్క నాకు నేటికీ పనికొస్తోంది.

సర్వీసులో నీవు నేర్చుకున్న వాటిలో ఈ పనికి అన్నిటికంటే ఎక్కువగా అక్కరకొచ్చేది ఏ రోజు రాత ఆ రోజే రాసే అలవాటు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరానికి చేరువలోనే మునిగిపోయిన ఆ రాత్రి, నేను ఈ ఊళ్లోనే కొత్తగా చేరిన కుర్రవాణ్ని. ఊరంతా దీపాలు ఆర్పేసి, ఏ క్షణాన ఏమవుతుందోనని అందరం ఎదురుచూస్తున్న ఆ రోజుల్లో కూడా మా పెటీ ఆఫీసరు గారు ఎవరికి ఎన్ని దుప్పట్లు ఇచ్చారో తారీఖు వేసి పుస్తకంలో ఎక్కించిన తరువాతే పడుకునేవారు. తప్పు పడితే చెరపనిచ్చేవారు కాదు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె రాసి, పొడి సంతకం చేయాలి. నీ ఖాతాదారుల పుస్తకాలనూ అలాగే నడుపు. నెలనెలా రిటర్ను వేసే వ్యాపారికి 11వ తేదీకి అమ్మకాల వివరాలు చూపే జీఎస్టీఆర్-1, 20వ తేదీకి పన్ను లెక్క తేల్చి కట్టే 3బి వేయాలి. ఆలస్యమైతే రుసుముకు తోడు కట్టవలసిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ పడుతుంది. 18వ తేదీ రాత్రి సంచి నిండా బిల్లులు తెచ్చి నీ బల్ల మీద గుమ్మరించే వ్యాపారిని మొదటి నెలలోనే సున్నితంగా ఆపి, వారం వారం పంపించే అలవాటు చేయి.

సరుకు కదలకుండా బిల్లు మాత్రం సృష్టించమని అడిగేవారు తప్పక వస్తారు. నన్నూ అడిగారు. ఆ ఖాతా వదులుకున్న నెలలో అద్దెకు మీ పెద్దమ్మ తన పొదుపులోంచి తీసి ఇచ్చింది. అలాగే ఆడిటు నివేదిక మీద సంతకం చార్టర్డ్ అకౌంటెంటుది; మనది కాదు. ఆ గీత ఎక్కడుందో ఖాతాదారుకు మొదటి రోజే చెప్పు, వ్యాపారుల తరఫున రిటర్నులు వేసే జీఎస్టీ ప్రాక్టీషనరుగా నమోదు చేయించుకుని ఆ పరీక్ష రాయి.

కాగితాలు రెండు చోట్ల ఉంచు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నా గది కిటికీలు ఊడిపోయి, 20 ఏళ్ల పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. రోజుల తరబడి కరెంటు లేదు. మీ పెద్దమ్మా, పిల్లలూ ఒక్కొక్క పుట విడదీసి, దండేల మీద ఆరబెట్టి, పోయినవాటి పట్టిక తయారు చేశారు. ఆ ఏడాది నాకు ఒక్క ఖాతాదారూ పోకపోవడానికి కారణం వాళ్లే.

ఇంటి మాటకు వస్తే, ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పక తప్పదు. సముద్రం మీద ఉన్న నెలల్లో ఇంట్లో లేకపోవడం నా చేతిలో లేదు. ఆ రోజుల్లో మనియార్డరు సొమ్ముతో మీ పెద్దమ్మ ఇల్లు నడిపి, ప్రతి పైసా ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచేది. కానీ ఒడ్డుకు చేరిన తరువాత కూడా మార్చి నెల ముగింపు పేరుతో పెద్దమ్మాయి జ్వరంతో ఉన్న మూడు రాత్రులు నేను గదిలోనే గడిపాను. ఆ పని ఏ వ్యాపారిదో నాకిప్పుడు గుర్తు లేదు, పిల్లకు మాత్రం బాగా గుర్తుంది. ఆ తరువాత రాత్రి 7 గంటలకు తాళం వేయడం, ఆదివారం ఆర్.కె. బీచికి అందరం కలిసి వెళ్లడం నియమంగా పెట్టుకున్నాను. నీవు ఆ నియమాన్ని మొదటి రోజు నుంచే పెట్టుకో, మార్చిలో కూడా.

డిశ్చార్జికి ముందే చేయవలసిన పని ఒకటుంది. నీ పీపీవోలో (పింఛను చెల్లింపు ఉత్తర్వులో) కోడలి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్లే ఉన్నాయో లేదో అక్షరం అక్షరం సరిచూడు. ఒక్క అక్షరం తేడాతో కుటుంబ పింఛను ఆగిపోయిన మన మాజీ నావికుల భార్యలు నా దగ్గరకు కాగితాలు పట్టుకుని వస్తూనే ఉంటారు. వారి పనికి నేను రుసుము తీసుకోను, నీవూ తీసుకోవద్దని నా కోరిక. స్పర్శ్‌లో (రక్షణ శాఖ పింఛనుల వెబ్‌సైటులో) ఏటా జీవన ప్రమాణ పత్రం ఇవ్వడం, మాజీ సైనికుల వైద్య పథకమైన ఈసీహెచ్ఎస్ కార్డులు చేయించడం కూడా కోడలికి నేర్పించు.

సెలవు మీద వచ్చినప్పుడు ఒక ఆదివారం ఇద్దరూ భోజనానికి రండి. కోడలు ఇంటి ఖర్చులు రాస్తున్న పుస్తకం ఉంటే వెంట తీసుకురండి. నీ దుకాణం సంగతి ఆ పుస్తకం చూశాక మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ పెదనాన్న