ఫోటో ఉంది, పేరు దొరకడం లేదు: వరంగల్ చుట్టుపక్కల సాలెపురుగుల గురించి

మీ ప్రశ్నలో రెండు ఉన్నాయి. హనుమకొండలో ఉంటూ ఫోనుకు క్లిప్ మాక్రో లెన్స్ కొన్నారు, సాలెపురుగుల కోసం పాకాల అడవి దాకా పోవాలా అన్నది ఒకటి. ఎన్ని ఫోటోలు పెట్టినా ఎవరూ పేరు చెప్పడం లేదు, ఎందుకని అన్నది రెండోది. మొదటిదానికి జవాబు చిన్నదే. అక్కర్లేదు, ముందు మీ బాత్రూం చూడండి.

వెటకారం కాదు. గది మూలల్లో సన్నటి పొడుగు కాళ్లతో తలకిందులుగా వేలాడుతూ, వేలు తగిలితే గిరగిరా ఊగిపోయేది క్రాసోప్రైజా. ఎండ పడే గోడ మీద ఈగను పిల్లిలా పొంచి పట్టేది మెనెమెరసో ప్లెక్సిపసో అయి ఉంటుంది, రెండూ దూకే సాలెపురుగులే. రాత్రి లైటు వేయగానే తలుపు వెనక్కి ఉరికే అరచేయంత జీవి హెటెరోపోడా. మీరు మొదటి ఫోటో కింద ‘టారంటులానా?’ అని టెన్షన్ పడింది దీన్ని చూసే. కాదండీ, బొద్దింకలను తిని బతికేది, దాని మానాన దాన్ని వదిలేయండి. మా ఇంట్లో దసరాకు బూజు దులిపే ముందు ఒక పూట నాకు వదలమని అడుగుతాను. వదులుతారు, తిట్టుకుంటూనే.

ఇక రెండోది. నాదీ ఇదే కథ. మొదటి వానాకాలం పాకాల చుట్టూ తిరిగి అరవై దాకా ఫోటోలు తెచ్చాను. అన్నీ వీపులే. ఒక్కదానికీ పేరు రాలేదు. చివరికి ఎవరో ఒక్క మాట రాశారు: ‘కళ్లు ఏవి?’ అప్పుడు నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు అదే మాట నేను మీకు రాస్తున్నాను.

వీపు రంగును నమ్మలేం. ఒకే జాతిలో ఆడదానికి, మగదానికి, పిల్లకు మూడు వేషాలుంటాయి. కళ్ల అమరిక అలా మారదు, అది ఏ కుటుంబానిదో పట్టిస్తుంది. చాలా సాలెపురుగులకు ఎనిమిది కళ్లు. ముందు రెండు కళ్లు బండి హెడ్‌లైట్లలా పెద్దగా ఉంటే అది దూకేది. కింద నాలుగు చిన్నవి వరుసగా, పైన రెండు పెద్దవి, వాటి వెనక ఇంకో రెండు ఉంటే తోడేలు సాలెపురుగు. కళ్లు ఆరు మూలల గడిలా గుంపు కట్టి, కాళ్ల మీద ముళ్లు నిక్కబొడుచుకుని ఉంటే లింక్స్ అనే రకం సాలెపురుగు. పత్తి చేనులో ఆకు మీద కూర్చుని పురుగులను పట్టేవాటిలో ఇవి మీకు బాగా కనిపిస్తాయి.

అందుకని ఒక్కోదానికి కనీసం మూడు ఫోటోలు తీయండి. మొహం, వీపు, పొట్ట. పొట్ట ఎందుకంటే, ఎదిగిన ఆడదాని జాతిని తేల్చే గుర్తు అక్కడే ఉంటుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి కింది నుంచి తీసి, పట్టిన చోటే వదిలేయండి. మొహం దగ్గర ఉండే రెండు పొట్టి చేతుల చివర బాక్సింగ్ గ్లవ్స్‌లా ఉబ్బి ఉంటే అది ఎదిగిన మగది. గూడును, ఏ చెట్టు మీద ఉందన్నదాన్ని కూడా ఫోటోలోకి రానివ్వండి. గూడు మధ్యలో ఇంటూ గుర్తులా తెల్లని అల్లిక ఉంటే అక్కడే ఆర్జియోపీ అని సగం పేరు వచ్చేసినట్టు. రేగు, తుమ్మ కొమ్మలకు మురికి గుడ్డ చుట్టినట్టు ఎండుటాకులతో కలిసిన గూడు ఉండి, లోపల పదుల కొద్దీ ఉంటే అది స్టెగోడైఫస్, ఉమ్మడి కాపురం చేసే రకం. దీని పిల్లలు చివరికి తల్లినే తింటాయి.

సగం పేరుతో సరిపెట్టుకోవడం కూడా అలవాటు చేసుకోవాలి. ప్రపంచంలో పేరు పెట్టిన సాలెపురుగుల జాతుల సంఖ్య 2022లోనే 50,000 దాటింది. వాటిలో చాలా వాటిని మైక్రోస్కోపు కింద జననాంగాలు చూస్తే తప్ప తేల్చలేరు. జీవుల ఫోటోలు పెట్టి పేర్లు కనుక్కునే ఐనాచురలిస్ట్ యాప్‌లో పెట్టినప్పుడు యాప్ చెప్పిన మొదటి పేరును కళ్లు మూసుకుని ఒప్పుకోకండి, మనుషులు చూసి చెప్పేదాకా ఆగండి.

యాప్ కాదు, నేనే మోసపోయిన సంగతి ఒకటి చెబుతాను. మా బావ మామిడితోటలో ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమలు ఉంటాయి. ఒకరోజు వాటి పక్కన ఒక చీమ ఇంకో చీమను నోట కరిచి మోసుకుపోతున్నట్టు కనిపించింది. బాగుందని తీశాను. ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే ఎనిమిది కాళ్లు. మీసాలు లేవు, ముందు కాళ్లనే మీసాల్లా పైకెత్తి ఊపుతోంది. మిర్మాప్లాటా అనే దూకే సాలెపురుగు, అందులోనూ మగది. మోసుకుపోతున్న చీమ అనుకున్నది ముందుకు పొడుచుకొచ్చిన దాని కోరలే. మర్నాడు పోయి వేలు దగ్గర పెడితే దారం వదిలి కిందికి జారింది. చీమ అలా జారదు కదా.

వెలుతురు సంగతి. ఫోను ఫ్లాష్ నేరుగా కొడితే కళ్లలో తెల్ల చుక్క తప్ప ఏమీ మిగలదు. బిర్యానీ పార్సిల్ వచ్చే పాలరంగు డబ్బా మూత కోసి ఫ్లాష్ ముందు పెట్టండి, వెలుతురు మెత్తబడుతుంది. నేను కొన్న డిఫ్యూజర్ కన్నా ఇదే నయం.

సీజన్ అంటే, మిరుగం దాటి ఆరుద్ర కార్తె వచ్చాక, జూన్ 22 ప్రాంతంలో, మంచి వాన పడిన మర్నాడు పొద్దున్నే ఏదైనా ఎర్ర చెల్కకు వెళ్లండి. మఖమల్ గుడ్డ ముక్కల్లా ఆరుద్ర పురుగులు పాకుతుంటాయి. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో దాచుకున్నవే. దాన్ని పురుగు అంటాం గానీ ఎనిమిది కాళ్లది, సాలెపురుగులకు, తేళ్లకు చుట్టం. పిల్లగా ఉన్నప్పుడు మాత్రం ఆరు కాళ్లే, మిడతల్లాంటి వాటికి అంటుకుని బతుకుతుంది. ఫోటోలో ఆ ఎరుపు ముద్దగా అయిపోతుంది, ఎక్స్‌పోజర్ బాగా తగ్గించి తీయండి. మిరప రైతులు తిట్టుకునే తెల్లనల్లి కూడా ఈ చుట్టాల్లోదే. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. పురుగుల మందులు చాలా వాటికి నల్లి లొంగనిది అందుకే, అది అసలు కీటకమే కాదు.

రాత్రి తిరగాలనిపిస్తే టార్చిని కంటి పక్కన పెట్టుకుని గడ్డి మీద వేయండి. మంచు బొట్టులా మెరిసే ప్రతిదీ తోడేలు సాలెపురుగు కన్ను. అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే తేళ్లు నీలిపచ్చగా వెలుగుతాయి. నల్ల మండ్రగబ్బ చూడడానికి భయంకరం, చిన్న ఎర్రతేలే అసలు ప్రమాదం. ఎర్రతేలు కుడితే మంత్రం, పసరు అనకుండా ఆస్పత్రికి పోవాలి. రక్తపోటుకు వాడే ప్రాజోసిన్ మాత్రతో ప్రాణాలు నిలుస్తాయని మహారాష్ట్రలో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ చూపించారు. కట్లపాము, రక్తపింజర తిరిగే వేళ కూడా అదే, బూట్లు లేకుండా దిగకండి. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలు. అనుమతి లేకుండా రాత్రి లోపలికి పోతే సాలెపురుగుల కన్నా ముందు ఫారెస్టు వాళ్లు దొరుకుతారు.

మీ మూడో ఫోటో మర్చిపోయాను. చెరువు దగ్గర పసుపు దారాల పెద్ద గూడు, మధ్యలో చేతి వేలంత సాలెపురుగు, ‘పైన దాని పిల్ల’ అని రాశారు. పెద్దది నెఫిలా పిలిపీస్. పైనున్నది పిల్ల కాదు, మొగుడు.