బండి ఆయిల్ ఎప్పుడు మార్చాలో కిలోమీటర్లు ఒక్కటే చెప్పవు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పాత స్కూటర్ కొన్నానని, ఇంజన్ ఆయిల్ విషయంలో ఎవరి మాట వినాలో తెలియడం లేదని రాశావు. వీధి చివర మెకానిక్ రెండు వేల కిలోమీటర్లకు ఒకసారి మార్చమన్నాడు, షోరూములో ఆరు వేలన్నారు, ఆఫీసులో ఎవరో మంచి సింథటిక్ ఆయిల్ పోస్తే పది వేల దాకా చూడనక్కర్లేదన్నారు. ఉద్యోగమంతా బస్సు డిపోలో ఇంజన్ల మధ్య గడిపినవాణ్ని కాబట్టి నన్ను అడిగావు, చాలా సంతోషం. కొంచెం వివరంగానే రాస్తాను. పట్టుమని పావుగంట శ్రద్ధ పెట్టక బంగారంలాంటి ఇంజన్లను పాడుచేసుకున్నవాళ్లను చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ముందుగా ఒక మాట. బండి అమ్మినాయన "మొన్ననే మార్పించాను" అని చెప్పాడన్నావు కదా, ఆ మాటను పక్కన పెట్టు. ఆయన మంచివాడే కావచ్చు. కానీ ఏ గ్రేడు పోశారో, ఎన్ని కిలోమీటర్ల దగ్గర పోశారో నీ దగ్గర రాతపూర్వకంగా లేదు. పాత బండి ఇంటికి రాగానే ఆయిల్ మార్చేసి, ఆ రోజు మీటరులో ఉన్న అంకెను ఒక పుస్తకంలో రాసుకోవాలి. నీ లెక్క అక్కడి నుంచి మొదలవుతుంది.

తరువాత బండితో ఇచ్చే యజమాని పుస్తకం సంపాదించు. పాత బండి కాబట్టి అది నీకు అందకపోయి ఉండవచ్చు. చాలా కంపెనీలు తమ వెబ్‌సైట్లలో పెట్టాయి, నీ మోడలూ సంవత్సరమూ చూసి దించుకో. అందులో ఏ గ్రేడు ఆయిల్, ఎంత పరిమాణం, ఎన్ని కిలోమీటర్లకు లేదా ఎన్ని నెలలకు మార్చాలి అన్నవి ఉంటాయి. చాలా పుస్తకాల్లో ఇంకో వాక్యం కూడా చిన్న అక్షరాలతో ఉంటుంది. దుమ్ము ఎక్కువగా ఉన్నా, ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో నడిపినా, తక్కువ దూరాలే తిరిగినా ఇంకా ముందే మార్చాలని. ఎవరూ చదవని ఆ వాక్యం అచ్చంగా మన హైదరాబాదు కోసం రాసినట్టే ఉంటుంది.

ఎందుకో చెబుతాను. నువ్వు దిల్‌సుఖ్‌నగర్‌లో బయలుదేరి మలక్‌పేట, చాదర్‌ఘాట్, లక్డీకాపూల్, మాసబ్ ట్యాంక్ దాటి, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు మీదుగా మాదాపూర్ చేరేసరికి గంటన్నర పడుతోందన్నావు. దూరం చూస్తే పాతిక కిలోమీటర్ల లోపే. అంటే గంటకు పదిహేను కిలోమీటర్ల వేగం అనుకుందాం. ఆ లెక్కన మీటరు మూడు వేల కిలోమీటర్లు చూపించేసరికి ఇంజన్ రెండు వందల గంటలు పనిచేసి ఉంటుంది. అదే మీ నాన్న కారు విజయవాడ రోడ్డు మీద గంటకు అరవై చొప్పున మూడు వేలు తిరిగితే ఇంజన్ నడిచింది యాభై గంటలే. మీటరులో అంకె ఒకటే, ఆయిల్ పడిన శ్రమ మాత్రం నాలుగింతలు. సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడు మీటరు కదలదు, ఇంజన్ లోపల పెట్రోలు మండుతూనే ఉంటుంది. పిస్టన్ రింగుల పక్కనుంచి జారే పొగ, మసి, ఆవిరి అన్నీ ఆ కాస్త ఆయిల్‌లోనే కలుస్తాయి. పైగా స్కూటర్ ఇంజన్లలో చాలావాటిని చల్లబరిచేది ఇంజన్‌తో పాటే తిరిగే ఫ్యాను. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతూ నిలబడి ఉన్నప్పుడు ఆ గాలి కూడా తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం నలభై డిగ్రీలు దాటిన ఎండలో లక్డీకాపూల్ సిగ్నల్ దగ్గర నీ స్కూటర్ ఎంత వేడెక్కుతుందో ఊహించుకో.

దీనికి సరిగ్గా ఎదురు ఇబ్బంది ఇంకొకటి ఉంది. సెలవు రోజున మీ అమ్మ అదే బండి మీద సరూర్‌నగర్ రైతుబజారుకు వెళ్లి వస్తుంది. ఇంజన్ పూర్తిగా వేడెక్కక ముందే ప్రయాణం అయిపోతుంది. మంటలో పుట్టిన నీటి ఆవిరి బయటికి పోక ఆయిల్‌లోనే ఉండిపోతుంది, కాలని పెట్రోలు కూడా కొంత చేరుతుంది. అలాంటి వాడకమే ఎక్కువైతే ఆయిల్ లోలోపల చిక్కబడి జిడ్డు ముద్దలా పేరుకుంటుంది. అందుకే తక్కువ తిరిగే బండికి నెలల లెక్క, ఎక్కువ తిరిగే బండికి కిలోమీటర్ల లెక్క.

ఇప్పుడు నా తీర్పు అడుగుతావు. పుస్తకం ఆరు వేలంటే, నీ దారిలో నువ్వు మూడు వేలకు మార్చు. మూడు వేలు కాకముందే ఆరు నెలలు నిండితే అప్పుడే మార్చు. రెండు వేలకు మార్చితే బండికి నష్టమేమీ లేదు, డబ్బు వృథా. పది వేల మాట మాత్రం విననే వద్దు. కారు ఇంజన్‌లో మూడు లీటర్లకు పైగా ఆయిల్ ఉంటుంది, నీ స్కూటర్‌లో లీటరు కూడా పట్టదు. అంత కొద్ది ఆయిల్ ఎంత మంచిదైనా ఆ మసినంతా అంతకాలం మోయలేదు.

రంగు చూసి తీర్పు చెప్పేవాళ్లుంటారు, జాగ్రత్త. ఆయిల్ నల్లబడిందంటే పాడైనట్టు కాదు. మసిని ఇంజన్ గోడలకు అంటనివ్వకుండా తనలో పట్టి ఉంచే రసాయనాలు ఆయిల్‌లో కలిపి ఉంటాయి, అవి పనిచేస్తున్నాయి కాబట్టే నల్లబడుతుంది. డీజిల్ బండిలోనైతే కొత్త ఆయిల్ కొన్ని రోజులకే నల్లగా మారుతుంది. రంగు కంటే మట్టం ముఖ్యం. ఆయిల్ ముసలిదైనా ఇంజన్ కొంతకాలం నెట్టుకొస్తుంది, ఆయిల్ తక్కువైతే నెట్టుకురాలేదు.

మట్టం చూడటానికి నెలకు రెండుసార్లు అయిదు నిమిషాలు కేటాయించు. సమతలమైన చోట సెంటర్ స్టాండ్ వేసి, మూడు నాలుగు నిమిషాలు ఇంజన్ నడిపి ఆపు. ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగితే పైనున్న ఆయిల్ కిందికి దిగుతుంది. ఆయిల్ మట్టం చూపించే పుల్లను, అంటే డిప్‌స్టిక్‌ను, విప్పి శుభ్రమైన గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టు. ఇక్కడే చాలామంది పొరపడతారు. చాలా స్కూటర్లలో దాన్ని మరలు తిప్పి బిగించకుండా ఊరికే ఆనించి తీయాలి. బిగించి చూస్తే పుల్ల ఎక్కువ లోతుకు దిగి, లేని ఆయిల్ ఉన్నట్టు చూపిస్తుంది. నీ బండికి ఏది పద్ధతో పుస్తకంలో బొమ్మ వేసి ఉంటుంది. ఆయిల్ గీత పై గుర్తుకూ కింది గుర్తుకూ మధ్య ఉండాలి. ఆ పుల్ల చివరనున్న బొట్టును రెండు వేళ్ల మధ్య రుద్ది చూడు. ఇసుకలాగా తగిలినా, పెట్రోలు వాసన గుప్పుమన్నా గడువు చూడకుండా మార్చేయాలి. పోయకుండానే మట్టం పెరిగిందంటే ఇంకా పెద్ద హెచ్చరిక, లోపల పెట్రోలో నీళ్లో చేరుతున్నాయి. మట్టం పదేపదే తగ్గుతూ సైలెన్సర్ నుంచి నీలం రంగు పొగ వస్తుంటే ఆయిల్ మండిపోతోందని అర్థం. అది ఆయిల్ మార్చితే పోయేది కాదు, మెకానిక్‌కు చూపించాల్సిందే.

ఏ ఆయిల్ కొనాలన్న దానికి డబ్బా మీద రెండు విషయాలు చూడు. ఒకటి 10డబ్ల్యూ-30 వంటి అంకెలు. మొదటిది చలిలో ఎంత సులువుగా పారుతుందో, రెండోది వేడి ఇంజన్‌లో ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. "మన ఎండలకు పల్చటిది పనికిరాదు" అంటూ అన్ని బండ్లకూ 20డబ్ల్యూ-40 పోసే మెకానిక్‌లు ఉన్నారు. ఆ రెండో అంకెను కొలిచేదే వంద డిగ్రీల వేడి దగ్గర, బయటి ఎండ దాని ముందు ఎంత? పుస్తకం చెప్పిన గ్రేడు మీదే నిలబడు. రెండోది జాసో అనే జపాను ప్రమాణం గుర్తు. గేర్ల మోటార్‌సైకిళ్లలో క్లచ్ ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది కాబట్టి వాటికి క్లచ్ జారనివ్వని ఎంఏ లేదా ఎంఏ2 రకం కావాలి. గేర్లు లేని స్కూటర్లకు ఎంబీ రకం. మీ తమ్ముడు స్కూటర్ ఆయిల్ మిగిలింది కదా అని తన మోటార్‌సైకిల్‌లో పోయకుండా చూడు. కారు ఆయిల్ కూడా అందులో పోయకూడదు.

పుత్లీబౌలిలోనో రాణిగంజ్‌లోనో స్పేర్ పార్టుల దుకాణాలు వరుసగా ఉంటాయి. తెలిసిన దుకాణం లేకపోతే పెట్రోలు బంకులో కొను. ఇండియన్ ఆయిల్ వారి సర్వో, భారత్ పెట్రోలియం వారి మాక్ అక్కడ దొరుకుతాయి. మూత సీలు చెక్కుచెదరకుండా ఉందా, తయారీ తేదీ స్పష్టంగా ఉందా చూసుకో. మెకానిక్ దగ్గర మార్పిస్తే నీ ఎదురుగానే సీలు తీయమను, ఖాళీ డబ్బాను కోసి పడేయి. నిజాయితీపరుడైన మెకానిక్ దానికి ఏమీ అనుకోడు. నకిలీ ఆయిల్ అమ్మేవాళ్లకు కావలసింది మంచి కంపెనీ ఖాళీ డబ్బాలే. ఇంజన్ కడిగే ద్రావకాలూ, ఆయిల్‌లో కలిపే సీసాలూ అంటగట్టబోతే వద్దని చెప్పు. సరైన ఆయిల్‌ను సమయానికి మార్చే బండికి అవేమీ అక్కర్లేదు.

ఇక చేసే పద్ధతి. ఇంజన్ రెండు మూడు నిమిషాలు నడిపి ఆపు. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే మడ్డితో సహా కిందికి దిగుతుంది. మరీ వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది, సైలెన్సర్‌కు తగలకుండా చూసుకో. కింద అట్ట పరిచి, వెడల్పాటి టబ్బు పెట్టి, డిప్‌స్టిక్ తీసేయి. పైనుంచి గాలి వెళ్తే కింద ధార సాఫీగా వస్తుంది. పాత ఆయిల్‌ను కిందికి వదిలే డ్రైన్ బోల్టు విప్పేముందు అది ఇంజన్‌దేనా అని పుస్తకంలోని బొమ్మతో రెండుసార్లు సరిచూసుకో. స్కూటర్‌లో వెనక చక్రం దగ్గర గేర్ ఆయిల్‌కు వేరే బోల్టు ఉంటుంది. తొందరలో దాన్ని విప్పి, ఇంజన్‌లో పాత ఆయిల్ మీదే కొత్తది పోసేవాళ్లున్నారు. అప్పుడు గేర్లు ఎండిపోతాయి, ఇంజన్ పొంగిపోతుంది, రెండూ చెడతాయి. ఆ గేర్ ఆయిల్ సుమారు వంద, నూట ఇరవై మిల్లీలీటర్లే పడుతుంది కానీ దానికీ గడువు ఉంది. చాలా షెడ్లలో అడిగితే తప్ప దాని ఊసెత్తరు, నువ్వు అడుగు.

పది పదిహేను నిమిషాలు చుక్క చుక్కా దిగనివ్వు. కారిన ఆయిల్‌ను ఎండలో పెట్టి చూడు. సన్నని మెరుపు కొంత ఉంటే కంగారు పడకు, చేతికి తగిలే లోహపు పొరలు ఉంటే మాత్రం మెకానిక్‌కు చూపించు. కొన్ని బండ్లలో బోల్టు వెనక ఆయిల్ వడగట్టే జల్లెడ, దాన్ని పట్టి ఉంచే స్ప్రింగు ఉంటాయి. ఏది ముందు ఏది వెనక వచ్చిందో ఫోనులో ఫొటో తీసుకుని, కడిగి ఆరబెట్టు. డ్రైన్ బోల్టుకు కొత్త వాషర్ వేయి. కొద్ది రూపాయల ఆ వాషర్ మిగుల్చుకోబోయి నేల మీద ఆయిల్ మరకలతో రోజులు గడపడం తెలివైన పని కాదు. బోల్టును మొదట వేళ్లతోనే తిప్పు. సాఫీగా ఎక్కితే మర సరిగ్గా పడినట్టే. తరువాత చిన్న పానాతో బిగువుగా ఆగేదాకా తిప్పి ఆపేయి. పానా వెనక పైపు తొడిగి బలమంతా చూపించకు. ఇంజన్ అడుగు అల్యూమినియం, మర తెగిందంటే ఆయిల్ మార్చే ఖర్చు కాస్తా పెద్ద రిపేరు అవుతుంది.

పోసేటప్పుడు డబ్బాలో ఉన్నదంతా గుమ్మరించకు. పుస్తకంలో రెండు కొలతలు ఉంటాయి. విడదీసి బిగించిన ఇంజన్‌కు ఎక్కువ, మామూలుగా మార్చేటప్పుడు తక్కువ, ఎందుకంటే పాతది కొంత లోపలే ఉండిపోతుంది. నీకు కావలసింది తక్కువ కొలత. గరాటుతో అంతకంటే కొద్దిగా తగ్గించి పోసి, ఒక నిమిషం ఇంజన్ నడిపి, ఆపి, మట్టం చూసి మిగతాది కలుపు. ఎక్కువైతే ఆయిల్ నురగలు కట్టి ఎయిర్ ఫిల్టర్‌లోకి ఎగదన్నుతుంది. మర్నాడు ఉదయం బండి కింద నేల పొడిగా ఉందో లేదో చూడు.

వానాకాలం గురించి తప్పకుండా చెప్పాలి. 2020 అక్టోబరు వరదల్లో మన నగరంలో ఎన్ని కాలనీల్లో బండ్లు మునిగాయో నీకు తెలుసు. అలా ఎప్పుడైనా ఇంజన్ మట్టం దాకా నీళ్లు వస్తే స్టార్ట్ చేసి చూడకు, కిక్ కూడా కొట్టకు. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేక దానికి తగిలించిన కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. డిప్‌స్టిక్ తీసి చూడు. ఆయిల్ పాలు ఎక్కువైన టీలా కనిపిస్తే లోపలికి నీళ్లు చేరాయి. బండిని నెట్టుకుంటూ షెడ్డుకు తీసుకెళ్లు. మార్చిన ఆయిల్ కూడా కాస్త నడపగానే తెల్లబడుతుంది, దాన్ని తీసేసి మళ్లీ పోయించాలి.

మీ నాన్నకు కూడా ఈ ఒక్కటి చదివి వినిపించు. కారు డ్యాష్‌బోర్డులో ఎర్రటి ఆయిల్ దీపం వెలిగితే అది సర్వీసింగ్ గుర్తు కాదు, లోపల ఆయిల్ ఒత్తిడి పడిపోయిందన్న హెచ్చరిక. పక్కకు తీసి వెంటనే ఇంజన్ ఆపేయాలి. ఇంటిదాకా పోనిద్దాం అనుకుంటే ఇంజన్ పట్టేస్తుంది.

తీసిన పాత ఆయిల్‌ను ఖాళీ సీసాలో పోసి మూత పెట్టి, ఆయిల్ మార్చే షెడ్డులోనో సర్వీసు కేంద్రంలోనో ఇవ్వు. అక్కడ డ్రమ్ముల్లో పోగుచేసి శుద్ధి చేసేవాళ్లకు పంపుతారు. చట్టం ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. కాలువలో పోస్తే తిన్నగా మూసీలోకి పోతుంది, ఆ నది ఇప్పటికే పడుతున్నది చాలు.

వచ్చే ఆదివారం ఉదయం ఎండ ముదరక ముందే బండి తీసుకుని ఇంటికి రా. పానాలు, గరాటు, టబ్బు నా దగ్గర ఉన్నాయి. నువ్వు ఆయిల్ డబ్బా, కొత్త వాషరు, యజమాని పుస్తకం తెచ్చుకో. నేను పక్కన నిలబడతాను, బోల్టు మాత్రం నువ్వే విప్పాలి.

ఇట్లు,
మీ మామయ్య