ఒక్క రోజు దీవి ప్రయాణానికి 28,500 రూపాయలా?

ప్రశ్న: మేం హనుమకొండలో ఉంటాం. ఇద్దరం రిటైర్డ్ టీచర్లం. మా అబ్బాయి కొరియాలో, ఇంచియాన్ నగరంలోని సాంగ్‌దోలో ఉద్యోగం చేస్తున్నాడు. ఏప్రిల్ నెలాఖరులో వాడి దగ్గరికి పదిహేను రోజులకు వెళ్తున్నాం. ప్రయాణానికని పక్కన పెట్టిన రెండు లక్షల్లో టికెట్లు, వీసాలు, ఇన్సూరెన్స్ పోగా 40 వేలు మిగిలాయి. జనం రద్దీ లేని ఒక చిన్న దీవికి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలని నా కోరిక. ట్రావెల్ ఏజెంటు కారు, గైడు, భోజనం అన్నీ కలిపి మనిషికి 9,500 అంటున్నాడు. ముగ్గురికి 28,500. మావారికి మోకాళ్ల నొప్పులు. ఈ ధర సబబేనా? ఎఫ్‌డీ ఏమైనా కదపాల్సి వస్తుందా?

జవాబు: టీచర్ గారూ, ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి. ఏజెంటు జోలికి కూడా వెళ్లనక్కర్లేదు. ఆయన మోసం చేస్తున్నాడని కాదు. కారు, గైడు, భాష వచ్చిన మనిషి అంటే అక్కడ ఖర్చే. కానీ మీకు ఇంట్లోనే కొరియాలో ఉంటున్న గైడు ఉన్నాడు కదా.

మీ కోరికకు సరిగ్గా సరిపోయే చోటు జాంగ్‌బాంగ్‌దో. కొరియా భాషలో ‘దో’ అంటే దీవి. ఇంచియాన్ విమానాశ్రయం ఉన్న యోంగ్‌జాంగ్ దీవిలోనే సమ్‌మోక్ అని ఒక చిన్న రేవు ఉంది. అక్కడి నుంచి కార్లను కూడా ఎక్కించుకునే పెద్ద పడవలో నలభై నిమిషాల ప్రయాణం. పడవలు పగటిపూట దాదాపు గంటకొకటి ఉంటాయి. దిగగానే రేవు పక్కన జలకన్య విగ్రహం కనిపిస్తుంది. చేపలు పడక ఊరు ఇబ్బంది పడుతున్న రోజుల్లో ఒక జాలరి వలలో జలకన్య చిక్కిందట. జాలిపడి వదిలేస్తే తర్వాత వలలు నిండాయని అక్కడి కథ. కాస్త నడిస్తే పాదచారుల వంతెన మీదుగా ఒక రాతి దిబ్బ దాకా వెళ్లొచ్చు. ఇంకొంచెం ముందుకు వెళితే ఓంగామ్ బీచ్, దాని వెనక పైన్ చెట్ల నీడ. 150 మీటర్ల గుట్ట కూడా ఒకటుంది కానీ మోకాళ్ల నొప్పులున్నవారు దాని వైపు చూడనవసరం లేదు.

ఇక లెక్క. కొరియా డబ్బు వోన్. వెయ్యి వోన్లకు 60 నుంచి 65 రూపాయలు అనుకుందాం. నేను 65తో వేస్తున్నాను, ఎక్కువ వేసుకుని మిగుల్చుకోవడమే నయం. అన్నీ ఉజ్జాయింపు ధరలే.

పడవ టికెట్టు మనిషికి ఒకవైపు మూడు వేల వోన్ల ప్రాంతంలో ఉంటుంది. ముగ్గురికి రానూపోనూ 18,000. దీవిలో పడవ వచ్చే వేళకు చిన్న బస్సు రేవు దగ్గర ఆగుతుంది, దానికి ముగ్గురికీ కలిపి 9,000 పెట్టుకోండి. భోజనం 36,000, కాఫీలు 15,000. అసలు ఖర్చు సాంగ్‌దో నుంచి రేవుకు చేరడంలో ఉంది. మెట్రోలో గ్యేయాంగ్ వెళ్లి, అక్కడ విమానాశ్రయం రైలు ఎక్కి ఉన్‌సో స్టేషన్‌లో దిగి, బస్సో టాక్సీయో పట్టుకుంటే ముగ్గురికి రానూపోనూ 37,000 వోన్లలో తేలుతుంది. ఒక మాట: 65 దాటినవాళ్లకు మెట్రో ఉచితం అని మీ అబ్బాయి స్నేహితులెవరైనా చెబితే నమ్మకండి. అది కొరియా పౌరులకు, అక్కడ శాశ్వత నివాసం ఉన్నవారికే. సందర్శకులు టికెట్టు కొనాల్సిందే.

ఇలా అయితే మొత్తం 1,15,000 వోన్లు, అంటే సుమారు 7,500 రూపాయలు. కానీ మీకు నేను ఈ దారి చెప్పను. మెట్రో మారడానికి మెట్లు, పొడుగాటి సొరంగ నడకలు ఉంటాయి. రేవు చేరేసరికే సార్ మోకాళ్లు మొరాయిస్తే దీవిలో బెంచీ మీద కూర్చుని రావడమే అవుతుంది. ఇంటి గుమ్మం నుంచి రేవు దాకా టాక్సీ పెట్టుకోండి. వంతెన టోలుతో కలిపి ఒకవైపు నలభై వేల వోన్లు అనుకోండి. అప్పుడు మొత్తం 1,58,000 వోన్లు, సుమారు 10,300 రూపాయలు. పొదుపంటే అన్నిటిలోనూ తగ్గించడం కాదు, ఇక్కడ మాత్రం ధారాళంగా పెట్టండి. అయినా ఏజెంటు అడిగిన దానిలో సగం కూడా కాలేదు చూశారా.

దీని మీద ఇంకో లక్ష వోన్లు, అంటే 6,500 రూపాయలు, ముట్టుకోకుండా విడిగా ఉంచుకోండి. చిన్న దీవుల విషయంలో చాలామంది వదిలేసే పద్దు ఇదే. టికెట్టు చవక, భోజనం చవక, ఆఖరి పడవ తప్పితే మాత్రం ఆ రాత్రి అక్కడే. దీవిలో ఇళ్లలోనే గదులు అద్దెకిస్తారు, వాటిని ‘మిన్‌బాక్’ అంటారు. ఆ డబ్బు అందుకు. పైగా ఆ తీరంలో వసంతం నుంచి వేసవి దాకా సముద్రం మీద పొగమంచు కమ్ముతుంది. మంచు దిగితే పడవలు ఆపేస్తారు. టికెట్టు డబ్బులు వెనక్కి వస్తాయి కానీ గది అద్దె మీదే. అందుకని ఈ ప్రయాణాన్ని మీ పదిహేను రోజుల్లో మధ్యలో పెట్టుకోండి. హైదరాబాద్ విమానం ఎక్కే ముందు రోజు మాత్రం వద్దు. ఆరు వేల గది కోసం ఆలోచిస్తుంటే అరవై వేల విమానం టికెట్టు పోతుంది.

శని, ఆదివారాలు కూడా వద్దు. మే 5 అక్కడ పిల్లల పండుగ, సెలవు. ఆ చుట్టుపక్కల రోజుల్లో రేవు దగ్గర కార్ల బారు చూస్తే ‘రద్దీ లేని దీవి’ అన్న మాట మరిచిపోతారు. మంగళవారమో బుధవారమో అబ్బాయిని ఒక రోజు సెలవు పెట్టమనండి. ఈ మొత్తం లెక్కలో అన్నిటికన్నా ఖరీదైనది ఆ సెలవే, దాన్ని ముందే అడిగి పెట్టుకోండి.

రెండేళ్ల కిందట నేనూ మా మేనల్లుడూ ఇటువంటి ఇంకో దీవికి వెళ్లాం. లెక్కలు వేయడమే వృత్తి అయిన నేను అక్కడ బోల్తా పడ్డాను. సముద్రం పక్కన ఒక హోటల్లో గోడ మీద పేర్లు, ఎదురుగా ధరలు రాసి ఉన్నాయి. రెండిటికి మాత్రం అంకెల బదులు రెండు అక్షరాలు ఉన్నాయి. అదేదో చేప పేరనుకుని వేలు పెట్టి చూపించాను. బిల్లు 90,000 వోన్లు వచ్చింది. ఆ అక్షరాలు ‘షిగా’, అంటే ఆ రోజు మార్కెట్ ధర అని మేనల్లుడు ఫోన్‌లో అనువాదం చేసి చెప్పాడు, తిన్నాక. మీరు మాత్రం అంకె కనిపించని వంటకాన్ని ధర అడగకుండా తెప్పించకండి. ఆల్చిప్పలు వేసి ఇచ్చే ‘కల్‌గుక్సు’ అనే వేడి వేడి నూడుల్స్ ఆ తీరంలో అంతటా దొరుకుతాయి, మనిషికి పదివేల వోన్ల చుట్టుపక్కల. చాలాచోట్ల ఇద్దరికి తక్కువ కాకుండా తెప్పించుకోమంటారు. మీరు శాకాహారులైతే ఆశ పెట్టుకోవద్దు, పులిహోర కట్టుకుని వెళ్లండి. భోజనం పద్దులో చాలావరకు మిగులుతుంది కూడా.

పాస్‌పోర్టులు అసలువే తీసుకెళ్లండి. పడవ ఎక్కేవారందరి పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు రాయించుకుంటారు, గుర్తింపు చూస్తారు. ఫోన్‌లో ఫొటో చూపిస్తే ఒప్పుకుంటారన్న నమ్మకం లేదు. ఇంట్లో బీరువాలో భద్రంగా దాచి వెళితే ఎనభై వేల వోన్ల టాక్సీ దండగ. అబ్బాయి తన రెసిడెన్స్ కార్డు మరవకూడదు. ఇంకోటి, తిరుగు పడవ మధ్యలో షిన్‌దో అనే దీవి దగ్గర ఆగవచ్చు. జనం దిగుతున్నారని మీరూ దిగిపోకండి.

డబ్బు ఎలా తీసుకెళ్లాలో మీరు అడగలేదు కానీ చెప్పేస్తాను. మన బ్యాంకు కార్డు విదేశంలో గీకితే సాధారణంగా 3.5 శాతం దాకా రుసుము, దాని మీద జీఎస్టీ పడతాయి. విదేశీ డబ్బు ముందే నింపుకునే ఫారెక్స్ కార్డు తీసుకుంటే అందులో వోన్ ఉందో లేదో ముందే అడగండి. డాలర్లు నింపుకుని వోన్లలో ఖర్చు పెడితే మారకం రుసుము మళ్లీ కడతారు. దుకాణంలో మిషన్ ‘రూపాయల్లోనా, వోన్లలోనా’ అని అడిగితే వోన్లే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకం రేటు వాళ్లిష్టం. అన్నిటికన్నా తేలిక, ఆ రోజు ఖర్చంతా అబ్బాయి కార్డు మీద పెట్టడం. టాక్సీ ఎలాగూ వాడి ఫోన్ నుంచే పిలవాలి. తర్వాత డబ్బు తీసుకోనంటాడు, మీరు ఇస్తానంటారు. ఆ గొడవలో నేను తలదూర్చను. జేబులో మాత్రం యాభై వేల వోన్ల నగదు ఉంచుకోండి, దీవిలో ఏటీఎం వెతుక్కునే పని ఉండదు.

అత్యవసర డబ్బుతో కలిపినా 16,800 రూపాయలు. 40 వేలల్లో ఇంకా 23 వేలు మిగతా రోజులకు ఉంటాయి.

ఆటుపోట్ల వేళలు కూడా అబ్బాయిని చూసి పెట్టమనండి. ఇంచియాన్ తీరంలో ఆటుకు, పోటుకు మధ్య నీటిమట్టం తేడా తొమ్మిది మీటర్ల దాకా ఉంటుంది. ఆటు వేళ వెళితే విశాఖ బీచ్‌లా అలలు కనిపించవు, కనుచూపు మేర బురద మేటే. అదీ చూడదగ్గదే కానీ అందులోకి దిగి ఆల్చిప్పలు ఏరబోకండి, చాలాచోట్ల ఆ హక్కు ఊరి జాలర్ల సంఘానిది. నీళ్లు చూడాలని ఉంటే పోటు వేళకు ఓంగామ్ చేరేలా పడవ ఎంచుకోండి.

బయలుదేరే ముందు పొద్దున్నే పడవలు నడుస్తున్నాయో లేదో అబ్బాయితో కనుక్కోండి. ఆపేశారంటే టాక్సీని మూయిదో అనే ఇంకో దీవి వైపు తిప్పమనండి. 2019 నుంచి దానికి వంతెన ఉంది, పడవ అక్కర్లేదు. జాంగ్‌బాంగ్‌దో అంత ప్రశాంతంగా ఉండదు కానీ కట్టుకున్న పులిహోర అక్కడ తినొచ్చు.